సిక్కా: అచ్చు నుంచి డబ్బు దాకా

రామగుండం నేల నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో ఇక్కడి సంతల్లో చెల్లిన రూపాయి పేరు హాలీ సిక్కా. సిక్కా అరబ్బీ మాట. నాణెం మీద ముద్ర కొట్టే అచ్చును మొదట అలా పిలిచారు, ఆ పేరే మెల్లగా అచ్చయిన డబ్బుకూ వచ్చింది. అదే మాట సముద్రం దాటి ఇటలీలో టంకశాలకు ‘జెక్కా’, వెనిస్ బంగారు నాణేనికి ‘జెక్కీనో’ అయింది. ఇక హాలీ అంటే ఇప్పుడు చెలామణిలో ఉన్నదని.

నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1903-04 ప్రాంతంలో, ఈ సిక్కా మీదికి చార్మినార్ ఎక్కింది. నాణెం మీద కట్టడం చూపడం చాలా పాత అలవాటు. క్రీ.శ. 80 ప్రాంతంలోనే రోమ్ చక్రవర్తి టైటస్ కొలోసియం బొమ్మతో నాణెం వేయించాడు. రోమ్ డబ్బు ఈ నేలకు కొత్తదీ కాదు. రామగుండం ఉన్న పెద్దపల్లి జిల్లాలోనే, పెద్దబంకూరు తవ్వకాల్లో శాతవాహన నాణేలతో పాటు రోమన్ నాణేలూ దొరికాయి.

హైదరాబాదు నాణెంలో ముచ్చటైన పనితనం చార్మినార్ వాకిట్లో కనిపిస్తుంది. అక్కడ పాలకుడి పేరులోని తొలి అక్షరం చెక్కారు: మహబూబ్‌కు ‘మీమ్’, ఆయన తర్వాతి నిజాం ఉస్మాన్‌కు ‘ఐన్’. రాజు ముఖం ఎక్కడా లేదు.

బ్రిటిష్ రూపాయిని జనం ‘కల్దార్’ అన్నారు. కల్ అంటే యంత్రం. ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు అన్నది పేరుపడిన లెక్క. హైదరాబాదు భారత్‌లో కలిశాక కూడా కొన్నేళ్లు చెల్లిన సిక్కా 1959లో ఆగిపోయింది.