ఇంటికప్పునకు చేయూత

కొండపల్లి పేరు చెప్పగానే తెలుగువారికి స్ఫురించునవి రెండు: తెల్లపొణికి కర్రతో మలచిన బొమ్మలు, రెడ్డిరాజుల నాటి గిరిదుర్గము. గడచిన అర్ధశతాబ్దిలో ఈ రెంటికి మూడవది తోడైనది. కొండకు చేరువనే, ఇబ్రహీంపట్నము కడ, ఆకాశమును తాకు పొగగొట్టములతో థర్మల్ విద్యుత్కేంద్రము వెలసినది. 1979లో అచ్చట 210 మెగావాట్ల తొలి యంత్రము తిరిగినది. 1995 నాటికి అట్టివి ఆరు సమకూడినవి. 2009లో 500 మెగావాట్ల యంత్రమొకటి, 2023లో 800 మెగావాట్లది మరియొకటి వచ్చి చేరినవి. రాష్ట్ర విద్యుత్ బోర్డునకు అధ్యక్షులుగా పనిచేసిన నార్ల తాతారావుగారి పేరు ఆ కేంద్రమునకు పెట్టిరి.

పొరుగున ఉన్నంత మాత్రమున అది కొండపల్లి ఇంటి సొత్తు కాలేదు. బొగ్గు సింగరేణి నుండియు, ఒడిశాలోని తాల్చేరు నుండియు రైళ్లపై రావలెను. దానితో పుట్టిన విద్యుత్తు పెద్ద తీగల నెక్కి, ఊళ్లు దాటి, చివరకొక సన్నని తీగగా గడపకు చేరవలెను. ఇంటివారు చేయవలసినది నెలనెల బిల్లు కట్టుట మాత్రమే. ఇప్పుడీ వరుస మారుచున్నది. ఇంటికప్పే చిన్న విద్యుత్కేంద్రమగుచున్నది. అందుకు ప్రభుత్వము తన బొక్కసము నుండి ధనమిచ్చుచున్నది. ఈ చేయూత ఎట్లు పుట్టినది, ఎవరి గడపకు చేరినది, ఎవరి గడప కడ ఆగిపోయినది అను సంగతులను శ్రోతలతో ముచ్చటించుట మా ఉద్దేశము.

ఇంటి పొయ్యికి, ఇంటి దీపమునకు ఏలినవారు సాయపడుట మన దేశమున క్రొత్త కాదు. ఖాదీ గ్రామోద్యోగ సంఘము 1960 దశకము నుండి గోబరుగ్యాసు తొట్లను ప్రోత్సహించినది. 1981-82లో అందుకొక జాతీయ పథకమే ఏర్పడినది. పొగలేని పొయ్యిల పథకము 1983లో ఆరంభమై 2002లో ముగిసినది. పేదవాని గుడిసెలో ఒక్క దీపమైనను వెలుగవలెనని 1988-89లో కుటీరజ్యోతి వచ్చినది. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపం పథకము క్రింద స్త్రీలకు వంటగ్యాసు కనెక్షన్లు ఇప్పించి, వారు కట్టవలసిన డిపాజిట్టును తానే కట్టినది.

ఈ నాలుగింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో మూడు సంగతులు తేటపడును. గోబరుగ్యాసునకు పశువులు కావలెను, పెరడు కావలెను. అవి లేని కూలివానికి సబ్సిడీ ఎంత ఇచ్చినను అక్కరకు రాలేదు. అనగా సాయమందుకొనుటకు సైతము ముందుగా కొంత కలిమి ఉండవలెను. పొగలేని పొయ్యిలను కోట్ల సంఖ్యలో కట్టిరి. పగిలిన వానిని బాగుచేయువారు లేక, పలుచోట్ల మరల పాత పొయ్యియే రాజినది. అనగా ఇచ్చిన తరువాత ఆలనాపాలన లేనిచో ఇచ్చినది నిలువదు. దీపం పథకమున కనెక్షను సుళువుగానే వచ్చినను, బండ నిండుకొనినప్పుడెల్ల మారుబండకు డబ్బు వెదకుకొనవలసి వచ్చినది. అనగా ఆరంభపు ఖర్చు వేరు, నడుపుకొను ఖర్చు వేరు. సూర్యవిద్యుత్తు కథను ఈ మూడు గీటురాళ్లమీదనే పరీక్షింపవలెను.

ఎండను విద్యుత్తుగా మార్చు సిలికాను ఫలకమును 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అను మువ్వురు లోకమునకు చూపిరి. దానిపై పడిన ఎండలో నూటికి ఆరుపాళ్లు మాత్రమే విద్యుత్తయ్యెడిది. ధర మిక్కుటమగుటచే అది మొదట ఉపగ్రహములకే పరిమితమైనది. 1973లో చమురు ధర మండిపోయిన పిమ్మట గాని ప్రభుత్వముల దృష్టి ఇండ్లపై పడలేదు. 1978లో అమెరికా గృహస్థులకు పన్ను రాయితీ ప్రకటించినది. మరుసటి యేడు అధ్యక్షుడు కార్టరు తమ శ్వేతభవనము కప్పుమీదనే నీళ్లుకాచు సౌరఫలకములను పెట్టించెను. 1985తో ఆ రాయితీ గడువు ముగిసినది. 1986లో ఫలకములును దిగిపోయినవి. 2006లో రాయితీ మరల వచ్చినది. 2025లో చేసిన చట్టము ఆ యేడు డిసెంబరు 31తో దానిని మరల ముగించినది. అమెరికాలో ఇండ్లు కట్టుకొనిన మన తెలుగువారికి ఈ రాకపోకలు అనుభవములోనివే. దీపముండగనే ఇల్లు చక్కబెట్టుకొనవలెనని మన పెద్దలన్న మాటకు ఇంతకు మించిన వ్యాఖ్యానము లేదు.

జర్మనీ వేరొక బాట పట్టినది. 1990లో వేయి ఇంటికప్పుల పథకముతో ఆరంభించి, 2000లో చట్టము చేసినది. ఇంటివాడు తీగకిచ్చిన ప్రతి యూనిట్టునకు 20 ఏండ్లపాటు నిర్ణీతమైన ధర చెల్లింతుమని అందలి హామీ. 1994లో జపాను కూడ ఇండ్లకు సబ్సిడీ మొదలిడినది. కొనువారున్నారని తెలియగానే కర్మాగారములు పెరిగినవి. చైనా ఆ పరిశ్రమను కొండంత చేసినది. 2010, 2020ల నడుమ ఫలకముల ధర పదింట తొమ్మిది పాళ్లు పడిపోయినది. నేడు కొండపల్లి కప్పుమీద ఫలకము చౌకగా నిలుచుటకు, ఏనాడో ఎండ తక్కువ గల జర్మనీలోని గృహస్థులు హెచ్చు ధరలు భరించుట ఒక కారణము.

మన దేశమున 1982లోనే సాంప్రదాయేతర శక్తివనరులకు ప్రత్యేక శాఖ ఏర్పడినది; 1992లో అది మంత్రిత్వశాఖయైనది. 2010లో జవహర్‌లాల్ నెహ్రూ జాతీయ సౌరశక్తి పథకము వచ్చినది. 2015లో దాని లక్ష్యమును పెంచి, 2022 నాటికి ఇండ్లు మొదలగు కట్టడముల కప్పులమీద 40,000 మెగావాట్లు నెలకొల్పవలెనని సంకల్పించిరి. గడువు నాటికి అందు నాల్గవ వంతు కూడ నెరవేరలేదు. అదే కాలమున బయలు ప్రదేశములలో పెద్ద కంపెనీల సౌరకేంద్రములు విస్తారముగా వెలసినవి. పెద్దవానికి అప్పు పుట్టినట్లు ఇంటివానికి పుట్టదు గదా! 2019లో 3 కిలోవాట్ల వరకు నూటికి 40 వంతులు సబ్సిడీ ఇచ్చిరి. ఆ మీదట 2024 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి సూర్యఘర్ పథకము వచ్చినది. దాని వ్యయము 75,021 కోట్ల రూపాయలు. లక్ష్యము ఒక కోటి ఇండ్లు. 2025 మార్చి నాటికి 10 లక్షల ఇండ్లమీద ఫలకములు నిలిచినవి.

ఈ పథకపు లెక్కను ఒక కొండపల్లి గృహస్థునకు అన్వయించి చూతము. ఒక కిలోవాటు ఫలకములకు రమారమి నూరు చదరపు అడుగుల నీడలేని చోటు కావలెను. మన ఎండకు అవి దినమునకు సగటున నాలుగు యూనిట్లు ఇచ్చును. 3 కిలోవాట్లు పెట్టుకొనిన యింట నెలకు 300 యూనిట్లకు పైబడి లభించును. ప్రభుత్వము లెక్కకు తీసికొనిన ప్రమాణవ్యయము మొదటి రెండు కిలోవాట్లకు ఒక్కొక్కటికి 50,000 రూపాయలు, మూడవదానికి 45,000 రూపాయలు, వెరసి 1,45,000. అందు సబ్సిడీ 78,000. తక్కిన 67,000 ఇంటివారిది. పగలు మిగిలిన విద్యుత్తు తీగలోనికి పోవును. రాత్రి అవసరమైనది తీగనుండి వచ్చును. నికరమీటరు ఈ రాకపోకలు రెంటిని లెక్కించును. తేడాకే బిల్లు వచ్చును.

లెక్క బాగుగనే ఉన్నది. కాని మొదటి గీటురాయి ఇచ్చటనే అడ్డుపడును. సబ్సిడీ ధనము ఫలకములు అమర్చి పరీక్షించిన పిమ్మటనే బ్యాంకు ఖాతాకు చేరును. అంతవరకు ధనము ఇంటివారే సమకూర్చుకొనవలెను, లేదా అప్పు తేవలెను. తాకట్టు లేని బ్యాంకు అప్పునకు ఏర్పాటు చేయుట మేలైన పనియే. అయినను కప్పు గట్టిదై ఉండవలెను, అది తమదై ఉండవలెను, మీటరు తమ పేర ఉండవలెను. బొమ్మలు చేయువారిలో ఎందరికో ఇల్లే పనిశాల. కర్రను సన్నని సెగపై ఆరబెట్టుట, చెక్కుట, రంగులద్దుట సమస్తము అచ్చటనే. అట్టివారిలో పెంకుటింట నున్నవారు, అద్దెకున్నవారు ఈ చేయూతను దూరమునుండి చూడవలసినదే.

మరియొక చిక్కు కలదు. మన రాష్ట్రమున విద్యుత్తు తక్కువ వాడువారికి యూనిట్టు ధర తక్కువ. వాడుక పెరిగినకొలది ధర పెరుగును. ఎస్.సి., ఎస్.టి. కుటుంబములకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితమే. బిల్లు లేనివానికి ఫలకముతో పనియేమి? అందుచే పెద్ద బిల్లు కట్టు పెద్ద యింటికే లాభము మెండుగా దక్కును. ఈ మెలికను విప్పుటకే కాబోలు, 2025లో రాష్ట్రప్రభుత్వము ఎస్.సి., ఎస్.టి. కుటుంబములకు 2 కిలోవాట్ల వరకు ఫలకములను పూర్తిగా ఉచితముగా అమర్చుటకు, బి.సి. కుటుంబములకు కేంద్రమిచ్చు దానిపై అదనముగా 20,000 రూపాయల వరకు ఇచ్చుటకు పూనుకొన్నది. ఇందు దయతో పాటు లెక్కయు కలదు. నెలనెల ఉచిత విద్యుత్తునకై భరించు వ్యయమును ఒక్కమారు కప్పుమీద పెట్టినచో, పాతికేండ్లు సూర్యుడే ఆ భారమును మోయును. కప్పులేని వారికిని ఉపాయము లేకపోలేదు. ఒకచోట ఉమ్మడిగా పెట్టిన ఫలకముల విద్యుత్తును పలువురి మీటర్లకు పంచి లెక్కించు పద్ధతిని ఢిల్లీలో 2019లోనే అనుమతించిరి.

చలిదేశములలో ఇంటి వెచ్చదనమునకును ఇట్టి చేయూత కలదు. వెలుపలి గాలిలోని వేడిని తోడి ఇంటిలోనికి చేర్చు హీట్ పంపు అను యంత్రము, తాను తిన్న విద్యుత్తునకు రమారమి మూడింతల వేడిని ఇచ్చును. జర్మనీలో 2024 నుండి దాని వ్యయమున నూటికి 70 వంతుల వరకు సాయము లభించుచున్నది. మనయింటి ఏసీ కూడ అదే జాతి యంత్రము. వేడిని లోనికి తెచ్చుటకు బదులు బయటికి తోలును. బెజవాడ ఎండలు ఎరుగని తెలుగువారు లేరు. 2015 మే నెలలో వడగాలికి ఆంధ్రప్రదేశ్‌లో వేయిమందికి పైగా మరణించిరి. కావున మనకు చల్లదనము భోగము కాదు, ప్రాణరక్షణము. అయితే ఏసీ విశేషముగా తిరుగునది రాత్రివేళ. అప్పుడు కప్పు నిద్రించును. ఇబ్రహీంపట్నపు పొగగొట్టము మేలుకొనును. బ్యాటరీలు చౌకయై ఇల్లిల్లు చేరువరకు ఈ రెండును ఒకదానికొకటి తోడుండవలసినవే. తీగలో విద్యుత్తు ఆగినప్పుడు, మరమ్మతు చేయువారి ప్రాణరక్షణకై సాధారణపు ఇన్వర్టరును ఆగిపోవును. కప్పుమీద ఫలకములున్నవి గదా, వరదలో కూడ దీపము వెలుగునని తలంచువారు దీనిని గుర్తెరుగవలెను.

చివరిది ఆలనాపాలన. కొండపల్లి ప్రాంతమున పొగగొట్టముల బూడిద, క్వారీల దుమ్ము కొత్తవి కావు. ఫలకముపై దుమ్ము పేరుకొనినచో రాబడి తగ్గును. కడిగినచో మరల పెరుగును. పని చిన్నదే. కాని పదియవ యేట ఇన్వర్టరు చెడినప్పుడు పలుకువాడుండవలెను. పొగలేని పొయ్యిల కథ నేర్పిన పాఠమిదే. ఫలకములు ఎన్ని ఇండ్లకెక్కినవో ప్రభుత్వములు ఉత్సాహముతో లెక్కించుచున్నవి. పదేండ్ల తరువాత వానిలో ఎన్ని పనిచేయుచున్నవి, అందు బొమ్మలవారి పెంకుటిండ్లకు, అద్దె యిండ్లకు దక్కిన పాలెంత అని కూడ లెక్కింపవలెను. ఆ లెక్కలోనే ఈ చేయూత యొక్క నిజమైన విలువ తేలును.