జిల్లా బడుల ప్రణాళిక: తెలుగు ప్రాంతాల్లో నూరేళ్లు

బడి ఎక్కడ పెట్టాలి, ఎందరు టీచర్లు కావాలి, రాబోయే పదేళ్లలో ఎందరు పిల్లలు చేరతారు అన్న ప్రశ్నలకు జిల్లా స్థాయిలో జవాబు వెతకడం మద్రాసు పాలనలోని తెలుగు ప్రాంతాల్లో 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టంతో మొదలైంది. 1884 స్థానిక బోర్డుల చట్టం కింద ఏర్పడిన జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు అంతకు ముందు నుంచే బళ్లు నడుపుతున్నాయి. కొత్త చట్టం ప్రతి జిల్లాకూ ఒక విద్యా మండలిని ఏర్పరచి, ప్రాథమిక విద్య విస్తరణకు పథకాలు రాసే బాధ్యత దానికి అప్పగించింది. స్థానిక సంస్థలు విద్య కోసం ప్రత్యేకంగా పన్ను వేసుకునే వీలు కూడా కల్పించింది.

తర్వాతి పెద్ద ఆలోచనలు జిల్లా నుంచి రాలేదు. పిల్లలందరికీ చదువు అందించడానికి 1944 నాటి సార్జెంట్ నివేదిక దేశమంతటికీ నలభై ఏళ్ల గడువు పెట్టింది. రాజ్యాంగంలోని 45వ అధికరణ 14 ఏళ్ల లోపు పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య పదేళ్లలో అందాలంది. రెండు గడువులూ దాటిపోయాయి. అసలు ఆ గడువులు పెట్టేనాటికి ఏ ఊళ్లో బడి లేదో చెప్పే పట్టికే లేదు. 1957లో జరిగిన మొదటి అఖిల భారత విద్యా సర్వే ఆ పట్టికను తయారుచేసింది. అది రెవెన్యూ గ్రామంతో ఆగకుండా ఆవాసాన్ని లెక్కలోకి తెచ్చింది. ఈ చరిత్రలో ఇంతకంటే విలువైన మార్పు మరొకటి అరుదు. రెవెన్యూ గ్రామంలో బడి ఉందని రాసుకుంటే దాని శివారు పల్లె, వాగు అవతలి తండా, గుట్ట కింది గూడెం ఆ లెక్కలోనే కలిసిపోతాయి. ఆవాసాన్ని విడిగా రాస్తేనే వర్షాకాలంలో వాగు దాటలేని పిల్లలు కాగితం మీదికి వస్తారు. ప్రాథమిక పాఠశాల కిలోమీటరు దూరంలో, ప్రాథమికోన్నత పాఠశాల మూడు కిలోమీటర్లలో ఉండాలన్న నియమాలు ఈ ఆవాసాల లెక్క మీదే నిలబడ్డాయి.

ఆంధ్రప్రదేశ్‌లో 1959 అక్టోబర్ 11న షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ ప్రారంభమైంది. ప్రాథమిక పాఠశాలలు పంచాయతీ సమితుల చేతికి, ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తుల చేతికి వచ్చాయి. జెడ్పీ హైస్కూల్ అన్న పేరు ఊళ్లలో నేటికీ చెక్కుచెదరలేదు. 1966లో నివేదిక ఇచ్చిన కొఠారీ కమిషన్ మరో అడుగు ముందుకేసింది. ప్రతి రాష్ట్రమూ, వీలైతే ప్రతి జిల్లా కూడా ప్రాథమిక విద్యకు దీర్ఘకాలిక ప్రణాళిక రాసుకోవాలంది. 1975-76 నాటికి పిల్లలందరికీ ఐదేళ్ల మంచి చదువు, 1985-86 నాటికి ఏడేళ్ల చదువు అందాలని మెట్లు కూడా చెప్పింది. పిల్లల వలసలు, పంటల కాలాలు, కూలి అవసరాలు జిల్లా జిల్లాకూ మారతాయి కాబట్టి ఆ సలహా ఎంతో సబబైనది. అయినా డబ్బు రాష్ట్ర పద్దుల నుంచే వచ్చేది. జిల్లా పరిషత్తు చేతిలో బడులు ఉన్నా, వాటి భవిష్యత్తును నిర్ణయించే నిధులు లేవు.

1980ల్లో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం గదులు కట్టించింది, టీచర్ల కేంద్రాలను నడిపింది. అదే దశాబ్దంలో సమితుల స్థానంలో మండలాలు వచ్చాయి. 1986 జాతీయ విద్యా విధానం జిల్లాకో శిక్షణా సంస్థను (డైట్) ఇచ్చింది.

అసలు మలుపు 1994 నవంబర్‌లో మొదలైన జిల్లా ప్రాథమిక విద్యా పథకం. అందరూ డీపెప్ అనే ఈ పథకం ఏడు రాష్ట్రాల్లోని 42 జిల్లాలతో మొదలై, 1996లో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. విజయనగరం, నెల్లూరు, కర్నూలు, కరీంనగర్, వరంగల్ తొలి ఐదు జిల్లాలు. స్త్రీల అక్షరాస్యత జాతీయ సగటు కంటే తక్కువగా ఉన్న జిల్లాలకూ, అక్షరాస్యతా ఉద్యమం ప్రజల్లో చదువు మీద ఆసక్తి రేపిన జిల్లాలకూ ఈ పథకం ప్రాధాన్యమిచ్చింది. అక్షరాస్యతా తరగతుల నుంచి సారా వ్యతిరేక పోరాటం పుట్టిన నెల్లూరు ఆ జాబితాలో ఉండటం సహజమే. తర్వాత మరో 14 జిల్లాలు చేరి, మొత్తం 23లో 19 జిల్లాలకు పథకం విస్తరించింది.

డీపెప్ ముందుగా పిల్లలకు చదవడం, లెక్కలు చేయడం ఎంతవరకు వచ్చో పరీక్షించింది. ఆ తర్వాతే కొన్నేళ్లకు సరిపడే ప్రణాళికను జిల్లా చేత రాయించింది. బాలబాలికల మధ్య, కులాల మధ్య తేడాను ఐదు శాతం లోపుకు, మధ్యలో బడి మానేసేవారిని పది శాతం లోపుకు తేవాలన్నది లక్ష్యం. నిర్మాణాలకు మొత్తం ఖర్చులో 24 శాతం దాటకూడదన్న పరిమితి మరీ గట్టిది. గదులు కట్టి చేతులు దులుపుకునే అలవాటుకు అది అడ్డుకట్ట వేసింది. మిగతా డబ్బు టీచర్ల శిక్షణకు, పాఠ్య సామగ్రికి, బడి బయటి పిల్లలకు ఖర్చు చేయక తప్పలేదు.

డైస్ అనే జిల్లా విద్యా సమాచార వ్యవస్థ కూడా డీపెప్ అవసరాల నుంచే పుట్టింది. సెప్టెంబర్ 30 నాటి లెక్కలతో ప్రతి హెడ్మాస్టరూ ఫారం నింపాల్సి వచ్చేది. ప్రతి బడికీ 11 అంకెల కోడ్ ఇచ్చారు. అందులో మొదటి రెండు రాష్ట్రం, తర్వాతి రెండు జిల్లా, ఆపై రెండు మండలం, మూడు ఊరు, చివరి రెండు బడి. ఆ అంకెల వల్ల ఒక బడిలో ఒకటో తరగతిలో చేరినవారు ఐదుకు వచ్చేసరికి ఎందరు మిగిలారో ఏటేటా పోల్చి చూడటం వీలైంది.

2001లో వచ్చిన సర్వశిక్షా అభియాన్ ఇదే పద్ధతిని దేశమంతటికీ పరచింది. ప్రతి జిల్లా రెండు పత్రాలు రాయాల్సి వచ్చింది: 2010 దాకా సాగే దీర్ఘకాలిక ప్రణాళిక ఒకటి, వార్షిక ప్రణాళిక, బడ్జెట్ రెండోది. డబ్బు మంజూరయ్యేది మాత్రం ఢిల్లీలో వార్షిక పత్రం మీద జరిగే చర్చలోనే. క్రమంగా జిల్లా కార్యాలయాల శ్రమంతా ఆ పత్రానికే పోయింది. ముందుచూపుతో రాసుకున్న మొదటి పత్రం బీరువాకు చేరింది. ఇది పెద్ద నష్టమే. టీచర్ల నియామకం, పోస్టుల సర్దుబాటు ఒక ఏడాదిలో తేలే పనులు కావు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం అభివృద్ధి ప్రణాళికను బడి యాజమాన్య కమిటీకి అప్పగించింది. నమూనా నియమాలు దానికి మూడేళ్ల గడువు పెట్టాయి. 2018లో సమగ్ర శిక్ష ప్రాథమిక, మాధ్యమిక స్థాయి పథకాలను ఒక్కటి చేసింది.

ఈలోగా రాష్ట్రం రెండుగా విడిపోయింది, జిల్లాలే మారిపోయాయి. తెలంగాణలో పది జిల్లాలు 2016లో 31, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022 ఏప్రిల్‌లో 26 అయ్యాయి. పాత జిల్లా పేరు మీద పోగైన ఏళ్ల నాటి లెక్కలను కొత్త సరిహద్దుల ప్రకారం మళ్లీ విడగొట్టి చూడాల్సి వచ్చింది.

అంతకంటే లోతైన మార్పు జననాలది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సంతానోత్పత్తి రేటు ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. రెండూ జనాభా నిలకడగా ఉండటానికి కావలసిన 2.1 కంటే తక్కువే. ప్రైవేటు బడులకు వెళ్లేవారూ తోడవడంతో ఎన్నో ఊళ్ల ప్రభుత్వ బడుల్లో పిల్లలు పలచబడ్డారు. నూరేళ్లుగా బళ్లు పెంచడానికే రాసిన ప్రణాళిక ఇప్పుడు ఏ బడిని ఎక్కడ నిలుపుకోవాలో తేల్చాలి. ఆంధ్రప్రదేశ్ 2022లో 117వ నంబరు ఉత్తర్వుతో 3, 4, 5 తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలలకు కలిపింది. దూరం పెరిగిందని తల్లిదండ్రులు, ఉపాధ్యాయ సంఘాలు వ్యతిరేకించాయి. 2025లో ఆ ఉత్తర్వు రద్దయి, బడుల వర్గీకరణ మళ్లీ కొత్తగా జరిగింది.