గుణమెరిగిన దొర, గుణమెంచిన జనము

కర్నూలు మండలపు పశ్చిమభాగమున, నల్లరేగడి చేలకును రాతిగుట్టలకును నడుమ నున్న పత్తికొండ పేరు ఆంగ్లేయ చరిత్రకారుల గ్రంథములకెక్కుటకు అచ్చట జరిగిన యుద్ధమేదియు కారణము కాదు, వెలసిన రాజధానియు కారణము కాదు. మద్రాసు గవర్నరు పదవిని విడిచి స్వదేశమునకు మరలిపోవ నిశ్చయించుకొని, పోవుటకు ముందు తాను కలెక్టరుగా ఏడేండ్లు తిరిగిన దత్తమండలములను కడసారి చూచిపోవలెనని బయలుదేరి వచ్చిన సర్ థామస్ మన్రో, 1827వ సంవత్సరము జూలై 6వ తేదీ రాత్రి తొమ్మిదిన్నర గంటలకు, ఆ ఊరి విడిదిలో కలరా వ్యాధిచే కన్నుమూయుటయే అందులకు కారణము. గుత్తిలో నుండగానే వెంటనున్న పటాలమువారిలో ఆ వ్యాధి పొడసూపినది. పత్తికొండ చేరిన నాటి ఉదయమే అది గవర్నరును పట్టుకొన్నది. అంటు తగులునని తలచి, తన చెంత నిలువవలదని పరిచారకులను ఆయన మాటిమాటికి కోరెననియు, వారు కదలకుండుట చూచి, ఇంతటి ఆదరణ దొరకునప్పుడు జబ్బుపడుటయు మేలేయని మెల్లగా పలికెననియు ఆయన జీవితచరిత్రకారుడు గ్లీగ్ వ్రాసియున్నాడు. అప్పటికాయనకు అరువదియారేండ్లు. మరునాడు గుత్తికోట దిగువ సమాధి చేసిరి. 1831లో ఆ అవశేషములను మద్రాసు కోటలోని సెంట్ మేరీ చర్చికి తరలించిరి. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థము ప్రభుత్వము ఒక తోపు వేయించి, రాతి మెట్లతో బావి కట్టించెను.

గ్లీగ్ రచించిన జీవితచరిత్ర 1830లో మూడు సంపుటములుగా వెలువడినది. ఆ కాలపు ఆంగ్లేయులకు మనుష్యుని శీలమును విశేషణములతో చిత్రించుట ఒక సాహిత్యవిద్య. చరిత్రకారుడైనను, పార్లమెంటు సభ్యుడైనను, ఒక ప్రముఖుని ప్రస్తావన వచ్చినంతనే ఆయన కార్యములను చెప్పి ఊరకుండక, గుణములను వరుసగా పేర్కొని, తూచి, తీర్పు చెప్పుట ఆచారము. మన్రో జీవించియుండగనే 1819లో జార్జి కానింగ్ కామన్స్ సభలో ఆయన రాజనీతిని, సైనికకౌశలమును ఏకవాక్యమున కొనియాడి సభ్యులను మెప్పించెను. నేడు ఆదోనిలోను, ఎమ్మిగనూరులోను, పత్తికొండలోను పోటీపరీక్షలకు కూర్చుండు యువకులు పట్టికలుగా వల్లించు ఫ్రూగల్, ఇంపార్షియల్, మాగ్నానిమస్, ఇండిఫాటిగబుల్ వంటి మాటలన్నియు ఇట్టి వాఙ్మయమున మాటిమాటికి కనబడునవే. ఆ మాటలను నేర్చుకొనుట మంచిదే. కాని ఒక మనుష్యుని వర్తనమును కంటికెదుట నిలుపుకొనక వల్లించిన విశేషణము మూడునాళ్లలో మరపునకు వచ్చును. నిలుపుకొని నేర్చినది జన్మాంతము నిలుచును. ఆ విధముగా నేర్చుటకు మన ప్రాంతమువారికి మన్రోకంటె చేరువవాడు మరియొకడు లేడు.

మితవ్యయి యను మాటనే చూడుడు. 1789లో, ఇంకను చిన్న సైన్యాధికారిగా నున్నప్పుడు, మన్రో తన సోదరికి వ్రాసిన జాబులో తన సంసారమును వర్ణించెను: నాలుగు కర్రలమీద బిగించిన గోనెగుడ్డ మంచము, దానికున్న ఏకైక అలంకారము స్వదేశమునుండి తెచ్చుకొన్న పెద్ద కోటు, చలికాలమున ఆ కోటు చేతులలో తన కాళ్లు దూర్చి, దానినే కంబళిగా కప్పుకొని నిద్రించుట. ఆయన 1761లో గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి వర్జీనియా పొగాకు వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్యయుద్ధము ఆ వర్తకమును కూల్చివేయగా, కుమారుడు ఈస్టిండియా కంపెనీ సైన్యమున సామాన్య కేడెట్టుగా చేరి 1780లో మద్రాసున దిగెను. ఆ కోటు జాబు చదివినవానికి ఫ్రూగల్ అను మాటకు వేరు నిఘంటువు వలదు. బాల్యమున తట్టు సోకినందున ఆయనకు కొంత చెవుడుండెను. అట్టివాడు దత్తమండలములలో ఊరూర గుడారము వేసికొని, శిస్తు హెచ్చైనదని ఒకడు, చేను చవుడుభూమి యని ఒకడు, పొరుగువాని గట్టు జరిగినదని మరొకడు చెప్పుకొను మొరలను ఉదయమునుండి ప్రొద్దుగ్రుంకువరకు, ఆ చెవులతోనే వినుచు కూర్చుండెడివాడు. సహనమును గూర్చి నూరు పుటలు వ్రాసినను ఇంతకంటె ఏమి చెప్పగలము?

దత్తమండలములనగా నిజాము 1800వ సంవత్సరము అక్టోబరు నాటి సంధిచే కంపెనీకి వదలిన బళ్లారి, కడప, అనంతపుర ప్రాంతములును, నేటి కర్నూలు మండలమున కొంత భాగమును. అప్పుడు కర్నూలు పట్టణము నవాబు చేతనుండెను. పత్తికొండ చాలకాలము బళ్లారి జిల్లాలోనిదై, 1858లో కర్నూలు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరెను. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 వరకు బళ్లారిలోనే యుండి, ఆంధ్రరాష్ట్రావతరణముతో ఇటు వచ్చెను. మన్రో వచ్చునాటికి ఈ సీమలో ఎనుబదిమంది పాళెగాండ్రు ముప్పదివేల సాయుధ బంట్లతో ఎవరికి వారు ఏలుకొనుచుండిరి. వారిని అణచి, చేను చేనును కొలిపించి, రైతుతో నేరుగా శిస్తు మాట్లాడుకొను పద్ధతిని ఆయన నెలకొల్పెను. 1807లో స్వదేశమునకు వెళ్లుచు, ఈ నేలకు కట్టిన శిస్తు భారమైనదనియు, దానిని నూటికి 25 వంతులు తగ్గింపవలెననియు సిఫారసు చేసెను. తాను వసూలు చేసిన పన్నును గూర్చి ఇది అధికమని తానే వ్రాసిన అధికారి ఏ కాలమునందైనను అరుదు. కంపెనీ ఆ సిఫారసును త్రోసిపుచ్చి గ్రామములకు గ్రామములనే గుత్తకిచ్చెను. తిరిగి మన్రోయే గవర్నరుగా 1820లో వచ్చిన పిదప గాని ఆ తగ్గింపు అమలునకు రాలేదు.

ఇక ఈ సీమ ప్రజ ఆయన గుణమును చెప్పిన తీరు వేరు. వారు విశేషణములను పేర్చలేదు. కథలు చెప్పిరి, బిడ్డలకు పేర్లు పెట్టిరి. కడప ప్రాంతమున మగపిల్లలకు మన్రోలప్ప యని నామకరణము చేయు వాడుక యుండెననియు, మాండవ్య ఋషియే మన్రోగా వచ్చెనని చెప్పుకొనిరనియు, ఊరూర తిరుగు బిచ్చగాండ్రు ఆయనపై పదములు పాడిరనియు తరువాతి ఆంగ్లేయ రచయితలే వ్రాసినారు. పాపఘ్ని యొడ్డున గండి క్షేత్రమున, రెండు కొండల నడుమ కట్టియున్న బంగారు తోరణము ఒక్క మన్రో కంటికే కనబడినదనియు, అది కనబడినవాడు పుణ్యాత్ముడైనను ఎంతోకాలము బ్రతుకడనియు ఒక ఐతిహ్యము. ఎమ్మిగనూరు చేరువ తుంగభద్రాతీరమున మంచాల గ్రామపు మఠము భూముల విచారణకు వచ్చినప్పుడు, బృందావనమునుండి శ్రీ రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చి సంభాషించెననియు, వెంటనున్నవారికి స్వామి కనబడలేదనియు మంత్రాలయమున నేటికిని భక్తితో చెప్పుకొందురు. రెండు కథలలోను తీర్పు ఒక్కటే: ఇతరులకు కనబడనిది ఇతనికి కనబడినది. పరదేశీయుడు, అన్యమతస్థుడు, పన్ను వసూలు చేయవచ్చినవాడు. అట్టివానికి ఇంతటి యోగ్యతాపత్రమును ప్రజ ఊరక వ్రాసియీయదు.

ఈ సందర్భమున ఒక మాట చెప్పక తప్పదు. గుత్తినుండి పత్తికొండకు వచ్చు మార్గమున ఎర్రగుడి కొండరాళ్లమీద అశోకుని శాసనములున్నవి. పత్తికొండకు చేరువనే రాజులమందగిరిలో మరియొకటి యున్నది. తల్లిదండ్రుల మాట వినుము, ప్రాణులయెడ దయ చూపుము, సత్యము పలుకుము అని ఎర్రగుడి రాళ్లు ఉపదేశించుచున్నవి. మన్రో ఈ దారిన పోవునాటికి ఆ లిపిని చదువగలవాడు లోకమున ఒక్కడును లేడు. ఆంగ్లేయ పండితుడు ప్రిన్సెప్ దానిని ఛేదించినది 1837లో. ఈ సీమలో దొరికిన అతిప్రాచీన లిఖితము సౌశీల్యమును గూర్చినదగుట, అదియు గుణనామములతో గాక చేయవలసిన క్రియలతో దానిని చెప్పియుండుట నాకు మిక్కిలి ప్రియమైన విషయము.

విశేషణమునకు మరియొక ముఖమున్నది. వ్యాసమునకు ప్రధానమైనది అదియే. ఒక్కని మెచ్చుకొనుటకు ఉపయోగించిన విద్యనే ఆంగ్లేయులు ఒక జాతి యంతటిని హీనపరచుటకును ఉపయోగించిరి. భారతీయులందరును లంచగొండులే యను దృఢవిశ్వాసముతో గవర్నరు జనరలు కారన్‌వాలిసు ఉన్నతోద్యోగముల ద్వారములను వారికి మూసివేసెను. ఈ దేశమున కాలు పెట్టకయే, ఇచ్చటి భాష ఒక్కటియు నేర్వకయే, జేమ్స్ మిల్ 1817లో ప్రకటించిన భారతదేశచరిత్రలో హిందువుల స్వభావమును గూర్చి దీర్ఘమైన దూషణము సాగించెను. ఈ దేశమును పాలింపవచ్చు యువకులకు అదియే పాఠ్యగ్రంథమాయెను. అట్టి కాలమున మన్రో చెప్పినదేమి? 1813లో పార్లమెంటు సంఘము ఎదుట సాక్ష్యమిచ్చుచు, మంచి సేద్యము, చేతిపనులలో అసమానమైన నేర్పు, ఊరూర చదువును లెక్కలును నేర్పు బడులు, అతిథిసత్కారము, స్త్రీలయెడ గౌరవము, ఇవి నాగరకతకు గుర్తులైనచో హిందువులు యూరపు జాతులకు తీసిపోరనియు, నాగరకతయే వర్తకపు సరకైనచో ఇంగ్లండునకు దిగుమతి చేసికొనుటవలననే లాభమనియు నిర్భయముగా పలికెను.

అంతకంటె గంభీరమైనది 1824వ సంవత్సరము డిసెంబరు 31వ తేదీన గవర్నరుగా ఆయన వ్రాసిన మినిట్, అనగా అధికార అభిప్రాయపత్రము. పూర్వపు విజేతలు ఈ ప్రజను హింసించియుండవచ్చును గాని, జాతి కంతటికి నమ్మదగనివారని ముద్ర వేసి ఇంతగా తృణీకరించినవారు మాత్రము లేరని ఆయన అందు వ్రాసెను. పిదప తన దేశమునే ఉదాహరణముగా తీసికొనెను: రేపు బ్రిటనును ఒక పరజాతి జయించి, దేశీయులకు ప్రభుత్వమున భాగమును, గౌరవమును, బాధ్యతగల ఉద్యోగమును లేకుండ చేసి, అన్నిట వారిని అనుమానముతో చూచినచో, వారి విద్యయు మతగ్రంథములును వారిని కాపాడలేవనియు, ఒకటి రెండు తరములలో ఆ ఆంగ్లేయులే నీచబుద్ధులు, వంచకులు, అసత్యవాదులునైన జాతిగా దిగజారుదురనియు తీర్పు చెప్పెను. ఏ మూడు నాలుగు విశేషణములను పాలకులు భారతీయులకు అంటగట్టుచుండిరో వానినే తెచ్చి, గుణము పుట్టుకతో వచ్చునది కాదు, పరాధీనత పెంచునది యని నిరూపించిన ఈ తర్కమునకు సమానమైనది కంపెనీ అధికారుల వ్రాతలలో నేను మరియొకటి చూడలేదు.

ఆ తర్కము కాగితముమీద నిలిచిపోలేదు. ప్రజల చదువును గూర్చి ఊహలు మాని లెక్కలు తీయుడని 1822లో ఆయన కలెక్టర్ల కాజ్ఞాపించగా, మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ) యంతటను 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును లెక్కకు వచ్చిరి. పత్తికొండ నాడు చేరియున్న బళ్లారి జిల్లానుండి, తెలుగు వ్యాకరణమును నిఘంటువును రచించిన కలెక్టరు ఏ.డి. కాంబెల్ 1823లో పంపిన నివేదికలో 533 బడులున్నవి: కన్నడము 235, తెలుగు 226, మరాఠీ 23, సంస్కృతము 23, పారసీకము 21, అరవము 4, ఆంగ్లము ఒక్కటి. జిల్లా కంతటికి ఒక్క ఆంగ్ల పాఠశాల! తమ్ము గూర్చి దొరలు ఏ మాటలు వ్రాయుచుండిరో చదివి ప్రత్యుత్తరమీయగలవారు ఈ సీమలో ఎంత అరుదో దీనివలన తెలియును. ప్రజ దొరల భాష నేర్చులోపల దొరలే ప్రజల భాష నేర్వవలెనని మన్రో పట్టుదల. 1820లో మద్రాసు కళాశాల విద్యార్థులకు ఆయన చేసిన ఆ బోధను విన్నవారిలో సి.పి. బ్రౌను ఒకడు. ఆ యేటనే కడపకు వచ్చిన ఆయన తరువాత మన భాషకు చేసిన సేవ లోకవిదితము.

ఇంత చెప్పి, కథలోని చీకటి భాగమును దాచినచో అది గుణనిర్ణయము కాదు, స్తోత్రమగును. పత్తికొండకు చేరువనున్న తెర్నేకల్లు ప్రజ 1801లో శిస్తు విషయమున తిరుగబడగా, కంపెనీ సైన్యము ఆ మట్టికోటపై విరుచుకుపడెను. నాయకుడు ముత్తుకూరు గౌడప్పను ఉరితీసిరి. ఆ సీమకు అప్పుడు కలెక్టరు మన్రోయే. పాళెగాండ్రకు ఆయన దయామయుడు కాడు. 1822లో పత్రికాస్వాతంత్ర్యము ఈ దేశమున ఆంగ్లాధికారమునకు అపాయకరమని వ్రాసినదియు ఆయనయే. భారతీయులు ఒకనాటికి తమ్ము తామే ఏలుకొనదగినవారగుదురని నమ్మినవాడే, ఆ నాడు వచ్చువరకు కత్తి కంపెనీ చేతనే యుండవలెనని కూడ నమ్మెను. న్యాయశీలుడనుట నిజము, కఠినుడనుటయు నిజము. రెండును ఒక్క మనుష్యునివే. మద్రాసులో 1839లో నిలిపిన అశ్వారూఢ విగ్రహమున శిల్పి చాంట్రీ జీనును, రికాబులను వదలివేసెనని జనులు వింతగా చెప్పుకొందురు. జీవితచరిత్రలలో తెర్నేకల్లును వదలివేయుట అంతకంటె పెద్ద లోపము.

పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు పాఠశాలలలో ఆంగ్లము బోధించు ఉపాధ్యాయులకు నాదొక విన్నపము. శీలమును వర్ణించు మాటల పాఠము వచ్చిన దినమున, అర్థముల పట్టికతో సరిపెట్టక, 1789 నాటి కోటు జాబును, 1824 నాటి మినిట్‌ను పిల్లల చేత చదివింపుడు. గౌడప్ప కథను కూడ చెప్పుడు. పిమ్మట ఈ మనుష్యునకు ఏ మాటలు తగునో, ఏవి తగవో వారినే వ్రాయుమనుడు.