రంప కొండలెక్కిన పటాలాల్లో ఎవరున్నారు?

అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున స్టేట్ సెంట్రల్ లైబ్రరీ ఉంది. అక్కడినుంచి నడిచిపోయేంత దూరంలోనే కోఠీ రెసిడెన్సీ. హైదరాబాద్ కంటింజెంట్ అనే సైన్యం మీద పెత్తనం ఆ రెసిడెన్సీదే. 1853 ఒప్పందంతో నిజాం అప్పజెప్పిన బేరార్ ఆదాయమే దాని జీతాలకు పోయేది. అంటే బేరార్ రైతు కట్టిన శిస్తు.

ఆ సైన్యంలోని ఒక పటాలం గోదావరి జిల్లా రంప కొండలకు పోయింది. ఎందుకు? సొంతానికి గీసుకునే కల్లు మీద కూడా పన్ను, మన్సబుదారు దోపిడీ, పోలీసుల వసూళ్లు, మైదానం షావుకార్ల కోర్టు డిక్రీలు - ఇవన్నీ భరించలేక 1879 మార్చిలో కోయలు, కొండరెడ్లు తిరగబడ్డారు. తిరుగుబాటు గొలుగొండ కొండలకు, భద్రాచలం తాలూకాకు పాకింది. పక్క జిల్లాల పోలీసులు చాలలేదు. ఆరు మద్రాసు పదాతి పటాలాలు, ఒక గుర్రపు దళం, రెండు సాపర్ల కంపెనీలు, వాటికితోడు హైదరాబాద్ కంటింజెంట్ పటాలం దిగినయి.

మన పుస్తకాలు ఈ లెక్క దగ్గరే ఆగిపోతాయి. పటాలం అంటే ఎవరు? తుపాకులకు కులం లేదు గానీ, పట్టినవాళ్లకు ఉంది గదా! మద్రాసు సైన్యం కుల లెక్కల్లో ముస్లింలు, తెలుగులు, తమిళులు అనే గళ్ల పక్కన 'ఇతర కులాలు' అని ఒక గడి ఉండేది. అంటరానివాళ్లు ఆ గడిలో కనపడకుండా పోయారు. దారి కొట్టి, వంతెన కట్టే మద్రాసు సాపర్లలో పరయ కులస్తులు పెద్ద సంఖ్యలో ఉండేవాళ్లు. ఊళ్లో దొరకని జీతం, చదువు, యూనిఫాం వాళ్లకు సైన్యంలో దొరికినయి. ఆ గౌరవం అబద్ధం కాదు. కానీ దాని ఖరీదులో కొంత రంప ఆదివాసీ కట్టాడు. ఈ రెండు మాటలూ మనమే చెప్పుకోవాలి.

తెల్లదొర ఆ సిపాయికైనా మిగిల్చిందేమిటి? రాబర్ట్స్ 1881లో మద్రాసు సేనాధిపతిగా, 1885లో ఇండియా సేనాధిపతిగా వచ్చాడు. దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారన్నాడు. తెలుగు, తమిళ సిపాయిల స్థానాలు తరిగిపోయినయి. 1890ల మొదట్లో మహర్ల భర్తీ ఆగింది. దానిమీద గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో అర్జీ రాశాడు. 1922-24లో అల్లూరి సీతారామరాజు కాలాన అవే కొండలకు మలబారు స్పెషల్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ వచ్చారు. ఒక కొండవాళ్లను అణచడానికి ఇంకో కొండ సరిహద్దు కాపలాదళం!

వీరుల పేర్లు తెలిసినంత మాత్రాన చరిత్ర తెలిసినట్టు కాదు. ఎదురుగా నిలబెట్టబడ్డ సిపాయి ఏ వాడనుంచి వచ్చాడు, ఏ ఆకలితో వచ్చాడు, తర్వాత ఎందుకు గెంటివేయబడ్డాడు - ఇది అడగాలి. అడగకపోతే దళితుణ్ణీ ఆదివాసీనీ ఎదురెదురుగా నిలబెట్టిన పాలకుడి లెక్కే మన చరిత్రగా మిగిలిపోతుంది.