సీమ చదువులు - పంపిన చేతులు

పై దేశాలకు వెళ్ళి చదువుకోవడాన్ని మన పెద్దలు 'సీమ చదువు' అనేవారు. ఆ రోజుల్లో సీమకు వెళ్ళినవాళ్ళు జిల్లాకు ఒకరో ఇద్దరో ఉండేవారు. వాళ్ళ సంగతులు అరుగుల మీద కథలుగా చెప్పుకునేవారు. ఇప్పుడు ఆ మాట వాడుకలోంచి పోయింది. చదువుకోసం విమానం ఎక్కడం కోనసీమలో వింత కాదు. 2023-24 విద్యా సంవత్సరంలో ఒక్క అమెరికాలోనే 3 లక్షల 31 వేల మందికి పైగా భారతీయ విద్యార్థులున్నారు. ఆ ఏడు చైనాను కూడా దాటి మన దేశం మొదటి స్థానానికి వచ్చింది.

పై చదువులకు వెళ్ళి పేరు తెచ్చుకున్నవారిని గురించి చెప్పేటప్పుడు వారి తెలివిని, పట్టుదలను పొగుడుతాము. అది న్యాయమే. కాని ఓడ టిక్కెట్టు ఎవరు కొన్నారు, నెలనెలా ఖర్చు ఎవరు పంపారు అన్న సంగతి చాలామంది అడగరు. మేము ఈ వ్యాసంలో ఆ లెక్కే చూడదలచుకున్నాము. ఎందుకంటే చరిత్రలో ఎవరిని తీసుకున్నా, వెళ్ళినవాడి వెనుక పంపిన చేయి ఒకటి కనబడుతుంది. ఆ చేయి మరుగున పడితే కథలో సగం పోయినట్టే.

మన జిల్లా పేరులోనే ఒక విద్యార్థి

దూరం పోనక్కరలేదు. 2022లో అమలాపురం ముఖ్యపట్టణంగా మన జిల్లా ఏర్పడింది. అదే ఏడాది దానికి డాక్టర్ బి. ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా అని పేరు పెట్టారు. ఆ పేరు ముందున్న 'డాక్టర్' అన్న మాట విదేశాల్లో చదివి సంపాదించినదే.

అంబేద్కర్ 1912లో బొంబాయిలో బి.ఏ. పూర్తి చేశారు. 1913 ఫిబ్రవరిలో తండ్రి చనిపోయారు. ఇంటి పరిస్థితి చూస్తే అక్కడితో చదువు ఆగిపోవలసిందే. బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడ్ నెలకు పదకొండున్నర పౌండ్ల చొప్పున మూడేళ్ళకు విద్యార్థి వేతనం మంజూరు చేశారు. తిరిగి వచ్చాక బరోడా సంస్థానంలో పదేళ్ళు కొలువు చేయాలన్నది షరతు. ఆ ఏడు జూలైలో ఆయన న్యూయార్కు చేరి కొలంబియా విశ్వవిద్యాలయంలో చేరారు. 1915లో ఎం.ఏ. పట్టా వచ్చింది. 1916లో లండను వెళ్ళి ఎకనామిక్సు స్కూలులో చేరారు. ఇంతలో వేతనం గడువు తీరింది. చదువు సగంలో ఉండగానే 1917లో వెనక్కి రావలసి వచ్చింది.

తిరిగి వచ్చి షరతు ప్రకారం బరోడా కొలువులో చేరారు. కొలంబియాలో చదివివచ్చిన మనిషికి ఆ ఊళ్ళో ఉండడానికి గది దొరకలేదు. కులం తెలిసిపోయేసరికి పారశీల సత్రంలోంచి కూడా బయటికి వెళ్ళగొట్టారు. పై దేశపు చదువు ఇంటిదగ్గర అన్ని తలుపులూ తెరవదని ఆయన అనుభవమే చెబుతుంది. అయినా సీమ చదువు మీద ఆశ చంపుకోలేదు. బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో పాఠాలు చెప్పి కొంత దాచుకున్నారు. మిత్రుడు నావల్ భతేనా అప్పు ఇచ్చారు. కొల్హాపూరు షాహూ మహారాజు సాయం చేశారు. 1920లో మళ్ళీ లండను వెళ్ళి చదివి, డి.ఎస్‌సి. పట్టా, బారిస్టరు పట్టా రెండూ సంపాదించారు.

మొదటిసారి పంపినది ఒక సంస్థానం. రెండోసారి సొంత జీతం, స్నేహితుడి అప్పు, ఇంకొక రాజుగారి సాయం కలిశాయి. చన్నీళ్ళకు వేణ్ణీళ్ళు తోడు అన్నట్టు మూడు చోట్ల డబ్బు చేరితే గాని ఆ చదువు గట్టెక్కలేదు.

రంగూను సంపాదన, హార్వర్డు చదువు

రెండో కథ మన గోదావరి మనుషులదే. వంతెన రాకముందు పంటు ఎక్కి గౌతమి దాటి కాకినాడ వెళ్ళేవాళ్ళకు కోరంగి దారిలో తగిలేది. ఒకనాడు పెద్ద ఓడరేవు. అక్కడినుంచి ఓడలెక్కి బర్మాకు కూలికి పోయిన మనవాళ్ళు లెక్కలేనంతమంది. రంగూనులో తెలుగువాడిని 'కోరంగీ' అనే పిలిచేవారు. ఆ పిలుపులో చులకన కూడా ఉండేది. అలా ఈ ప్రాంతం నుంచి రంగూను వెళ్ళి, రేవులో ఓడల సరుకు ఎగుమతి దిగుమతుల పనిలో పైకి వచ్చినవారు మల్లాడి సత్యలింగ నాయకర్ గారు. సంపాదించిన ఆస్తిని ఆయన ధర్మానికి వ్రాశారు. కాకినాడ జగన్నాథపురంలోని ఎం.ఎస్.ఎన్. ఛారిటీస్ అదే. ఆ పేరుమీద నడిచిన విద్యాసంస్థల్లో చదువుకున్నవారు మన ప్రాంతంలో ఎందరో ఉన్నారు.

భీమవరంలో 1895 జనవరి 12న పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి చదువు మొదటినుంచీ గతుకుల బాటే. మెట్రిక్యులేషను రెండుసార్లు తప్పి మూడోసారి నెగ్గారు. మద్రాసు వైద్య కళాశాలలో చేరాక గాంధీగారి పిలుపు విని ఖద్దరు తొడుక్కున్నారు. అది ఒక తెల్ల ఆచార్యుడికి కిట్టలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రం దక్కింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే ప్రేగుల జబ్బుతో ఒకరి వెనుక ఒకరు చనిపోయారు. ఆ జబ్బుకు మందు కనిపెట్టాలన్న పంతం ఆయనకు పట్టుకుంది. అందుకు అమెరికా వెళ్ళాలి. చేతిలో పైసా లేదు.

అప్పుడు సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం చేస్తామని మాట ఇచ్చింది. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు మరికొంత డబ్బు సమకూర్చారు. 1920ల తొలి ఏళ్ళలో సుబ్బారావు గారు బోస్టను చేరి హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువులో చేరారు. ఖర్చులకు చాలక ఆసుపత్రిలో రాత్రి నౌకరుగా రోగుల మలమూత్రపు పాత్రలు కడిగారు. పగలు ప్రయోగశాల, రాత్రి ఆసుపత్రి. 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. వైద్యవిద్య పుస్తకాల్లో దానికి వారిద్దరి పేర్లూ ఉన్నాయి. 1930లో పిహెచ్.డి. వచ్చింది. 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు వెళ్ళారు. ఫోలిక్ ఆమ్లం తయారీ, ఆరియోమైసిన్, కాన్సరు మందు మెథోట్రెక్సేటు ఆయన నడిపిన బృందాల నుంచి వచ్చినవే. ఫోలిక్ ఆమ్లం స్ప్రూ జబ్బుకు పనిచేసింది. సోదరులు పోయిన పాతికేళ్ళ తరువాత ఆ పంతం నెరవేరిందన్నమాట.

మన కోనసీమవాళ్ళు ముఖ్యంగా తెలుసుకోవలసిన మందు ఇంకొకటి ఉంది. బోదకాలు అంటే మనకు చెప్పనక్కరలేదు. కాలువలు, గుంటలు, దోమలు ఉన్న డెల్టాలో అది తరాల బాధ. దానికి వాడే డైఇథైల్ కార్బమజీన్ 1947 ప్రాంతంలో లెడర్లీలో సుబ్బారావు గారి బృందం చేతిలో తేలిన మందే. మన దేశంలో 2004 నుంచి ఆరోగ్య కార్యకర్తలు బోదకాలు ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన డి.ఇ.సి. మాత్ర అదే. రంగూను రేవులో సంపాదించిన డబ్బులో కొంత, ఒక కుర్రవాడి చదువై, మాత్రగా మారి మన వీధిలోకే తిరిగి వచ్చింది.

మనిషి మాత్రం తిరిగి రాలేదు. ఓడ ఎక్కేటప్పుడు గర్భవతిగా ఉన్న భార్య శేషగిరి గారు ఆయనను మళ్ళీ చూడలేదు. పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. 1948 ఆగస్టులో సుబ్బారావు గారు న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూశారు. చివరిదాకా ఆయన అమెరికా పౌరుడు కాలేదు. సీమ చదువు లెక్కలో ఈ పద్దు కూడా వ్రాసుకోవాలి. ఇంటిదగ్గర ఎదురుచూసిన ఆడవాళ్ళు పెట్టిన ఖర్చు ఏ రశీదులోనూ కనబడదు.

హైదరాబాదు దారి

తెలంగాణా వైపు చూస్తే పంపిన చేయి నిజాం ప్రభుత్వానిది. 1895లో పదహారేళ్ళ సరోజినీ చటోపాధ్యాయ, అంటే తరువాతి సరోజినీ నాయుడు, నిజాం ఇచ్చిన విద్యార్థి వేతనంతో ఇంగ్లండు వెళ్ళారు. లండను కింగ్స్ కళాశాలలోను, కేంబ్రిడ్జి గర్టన్ కళాశాలలోను చదివారు. ఒంట్లో బాగుండక పట్టా లేకుండానే 1898లో తిరిగి వచ్చారు. పట్టా రాలేదు గనుక ఆ డబ్బు దండుగ అయిందని ఇవాళ ఎవరైనా అనగలరా?

ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో ఏర్పడింది. దేశభాషలో చదివినవాళ్ళు పై దేశాల్లో నెగ్గుకు రాలేరని అనేవారికి అక్కడి విద్యార్థులే జవాబు చెప్పారు. మహమ్మద్ రజీయుద్దీన్ సిద్దీఖీ ఉస్మానియాలో చదివి, కేంబ్రిడ్జికి, అక్కడినుంచి జర్మనీ లైప్‌జిగ్‌కు వెళ్ళి, హైసెన్‌బర్గ్ దగ్గర పరిశోధన చేసి, మళ్ళీ ఉస్మానియాకే వచ్చి గణితం బోధించారు. 1908లో హైదరాబాదులో పుట్టిన డాక్టర్ మహమ్మద్ హమీదుల్లా ఉస్మానియాలో న్యాయశాస్త్రం చదివి, జర్మనీలో బాన్ నుంచి, పారిస్‌లో సోర్బాన్ నుంచి రెండు డాక్టరేటులు పొందారు. తిరిగి వచ్చి ఉస్మానియాలో పాఠాలు చెప్పారు. 1948 తరువాత పారిస్‌లోనే ఉండిపోయారు. 1959లో వచ్చిన ఆయన ఫ్రెంచి ఖురాన్ అనువాదం ప్రసిద్ధం. హైదరాబాదులో వడ్డీ లేకుండా నడచిన అప్పుల సంఘాలను గురించి కూడా ఆయన వ్రాశారు. ఈ చివరి సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలి.

హైదరాబాదులోనే 1897లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్ 1926లో బెర్లినులో అర్థశాస్త్రంలో డాక్టరేటు పుచ్చుకున్నారు. పెద్ద ఉద్యోగాలు చూసుకోవచ్చు. ఆయన మూతపడబోతున్న జామియా మిల్లియాకు వచ్చి, కొద్దిపాటి జీతంతో ఇరవై ఏళ్ళకు పైగా దానిని నడిపారు. 1967లో రాష్ట్రపతి అయ్యారు.

నేడు ఎవరు పంపుతున్నారు?

ఇప్పుడు రాజులు లేరు, సంస్థానాలు లేవు. ప్రభుత్వ పథకాలు వస్తూ పోతూ ఉన్నాయి. మైనారిటీ విద్యార్థులు విదేశీ చదువుకు బ్యాంకులో తెచ్చిన అప్పు మీద, చదువుకునే కాలానికి వడ్డీ భరించే 'పఢో పర్‌దేశ్' పథకం 2013-14లో వచ్చింది. 2022-23 నుంచి దానిని ఆపివేశారు. మన రాష్ట్రంలో 2022లో వచ్చిన పథకం ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 200 విశ్వవిద్యాలయాల్లో సీటు తెచ్చుకున్నవారికే వర్తించింది. సర్కారు సాయం అందితే మంచిదే. దానినే నమ్ముకుని కూర్చుంటే సీటు చేజారుతుంది.

కనుక మధ్యతరగతి ఇంట్లో పంపే చేయి బ్యాంకు అప్పుదే. పెద్ద మొత్తం కావాలంటే ఇల్లో, కొబ్బరితోటో హామీగా పెట్టాలి. పెట్టడానికి ఏమీ లేనివాడు బయట వడ్డీకి తెస్తాడు. అక్కడికి వెళ్ళాక వాయిదాల బెంగతో చదువు మాని పనికి పరుగెత్తుతాడు. అమెరికాలో విద్యార్థి వీసా మీద ఉన్నవారు తరగతులు జరిగే రోజుల్లో విశ్వవిద్యాలయం ఆవరణలోనే, వారానికి 20 గంటలకు మించకుండా పని చేయాలి. బయట దొంగచాటుగా పనిచేసి దొరికితే వీసాకే ముప్పు.

ఇంకొక చేయి ఏజెంటుది. 2019 జనవరిలో ఫార్మింగ్‌టన్ విశ్వవిద్యాలయం వ్యవహారం బయటపడింది. మిషిగన్ రాష్ట్రంలో అమెరికా అధికారులే వల పన్ని పెట్టిన ఉత్తుత్తి విద్యాలయం అది. తరగతులు లేవు, పాఠాలు లేవు. విద్యార్థులను చేర్పించిన దళారులుగా కేసు పెట్టబడినవారిలోను, పట్టుబడిన విద్యార్థులలోను తెలుగువారు చాలామంది. తప్పు ఎవరిదన్న వాదన అలా ఉంచి, పంపిన చేయి కమీషను కోసం పంపితే ఏమవుతుందో అది చూపించింది.

మనం చేయగలిగినది

ఈ కథలన్నిటిలో మాకు ఎక్కువ దగ్గరగా కనబడేది సత్యలింగ నాయకర్ గారి కథ. మహారాజులు మనలో ఎప్పుడూ లేరు. కాని రంగూను వెళ్ళినట్టే ఇవాళ కువైట్, దుబాయి, మస్కట్ వెళ్ళినవాళ్ళు కోనసీమ ఊళ్ళలో ఉన్నారు. వాళ్ళలో చాలామంది పెద్ద చదువులు లేనివాళ్ళు. ఆడవాళ్ళు పరాయి ఇళ్ళల్లో వంట చేసి, పిల్లలను ఎత్తుకుని, పంపిన డబ్బుతో ఇక్కడ ఇళ్ళు లేచాయి, పెళ్ళిళ్ళు జరిగాయి. అందులో ఏడాదికి ఒక్క రోజు కూలి చొప్పున పక్కన పెట్టినా, ఒక బిడ్డను పై చదువుకు పంపే దారి మొదలవుతుంది.

అందుకు కొత్తగా ఏమీ కనిపెట్టనక్కరలేదు. అక్కరకు వడ్డీలేని అప్పు ఇవ్వడం, ఖర్జె హసన, మనం ఎరిగినదే. ఆ డబ్బు దానం కాదు. వెళ్ళిన బిడ్డ ఉద్యోగంలో చేరాక తిరిగి కట్టాలి. అది ఇంకొక బిడ్డకు టిక్కెట్టు అవుతుంది. ఆడపిల్లకు, మగపిల్లవాడికి ఒకే కొలత ఉండాలి. పదహారేళ్ళ సరోజినిని 1895లో ఓడ ఎక్కించగలిగిన కాలం కంటె మనం వెనుకబడకూడదు. డబ్బు ఇచ్చేముందు ఆ విద్యాలయం నిజమైనదా, ఆ చదువుకు గుర్తింపు ఉందా అని అక్కడ ఇప్పటికే చదువుతున్న మన పిల్లల చేత విచారించి చెప్పించాలి. ఈ చివరి పనికి రూపాయి ఖర్చు లేదు, ఫోను ఉంటే చాలు.

వెళ్ళిన ప్రతివాడూ సుబ్బారావు కాడు, జాకిర్ హుసేన్ కాడు. కొందరు తిరిగి వస్తారు, కొందరు రారు. పట్టా రాక వెనక్కి వచ్చేవారూ ఉంటారు. వారిని చులకనగా చూడకూడదు. నాయకర్ గారి నిధి మాట ఇచ్చిననాటికి సుబ్బారావు గారు మెట్రిక్ రెండుసార్లు తప్పినవాడు, చిన్న పట్టాతో తృప్తిపడవలసి వచ్చినవాడు. మార్కులే చూసి ఉంటే ఆ డబ్బు ఆయన చేతికి వచ్చేది కాదు. మన ఊళ్ళో కూడా అటువంటి పిల్లలు ఉన్నారు. పాఠకులు ఈ విషయం తమ తమ ఇళ్ళలో ఆలోచించి, వచ్చే సర్వసభ్య సమావేశంలో చర్చకు తేవలసిందిగా కోరుతున్నాము.