ఆ పుస్తకాల్లోని తురకలు మేం కాదు

పాత చారిత్రక నవలలూ నాటకాలూ చదువుతూనే మేమూ పెరిగాం. వీరుడు గెలిస్తే మేమూ మురిసిపోయాం. అతను గెలిచింది ఎవరి మీదో అర్థమయ్యాక మాత్రం పేజీ తిప్పడం కష్టమైంది.

వేదం వేంకటరాయశాస్త్రి 'ప్రతాపరుద్రీయం' 1897లో వచ్చింది. చరిత్రలో 1323లో ఓరుగల్లు ఢిల్లీ సేనలకు లొంగింది. ప్రతాపరుద్రుడు బందీగా పోతూ నర్మద ఒడ్డున చనిపోయాడు. నాటకంలో యుగంధరుడు సుల్తానునే పట్టి తెస్తాడు. తెల్లదొర కింద నలిగినవాళ్ళకి ఆ గెలుపు కావలసిందే, కాదనం. కానీ దొరని అనలేని కోపమంతా ఎవరి మీద పడింది? తురక పాత్ర మీద. పైగా దాని నోట విరిగిన తెలుగు. పాత్రోచిత భాష అని పండితులు మెచ్చుకున్నారు, జనం నవ్వారు. గుంటూరు సీమ దూదేకుల ఇళ్ళలో తరతరాలుగా పలికే తెలుగు ఆ నవ్వుకి వినపడలేదు. తర్వాత పిఠాపురం ఉమర్ అలీషా తెలుగులో పద్యాలు, నాటకాలు రాసినా ఆ బొమ్మ మారలేదు.

ఈ బొమ్మ మన నేల మీద పుట్టింది కాదు. కర్నల్ టాడ్ రాజస్థాన్ గ్రంథం 1829-32లో వెలువడింది. ఇలియట్, డౌసన్‌ల చరిత్ర సంపుటాలు 1867-77లో వచ్చాయి. ముస్లిం పాలన ఎంత చెడ్డదిగా కనిపిస్తే తమ పాలన అంత మంచిదిగా కనిపిస్తుందని ఇలియట్ దాచుకోకుండానే రాశాడు. టాడ్ కథలనే చిలకమర్తి 'రాజస్థాన కథావళి'గా తెలుగువాళ్ళకి అందించాడు. ఆ కళ్ళద్దాలు మన రచయితల ముక్కు మీద అలాగే ఉండిపోయాయి.

మన రాళ్ళు వేరే మాట చెప్తాయి. 1515లో కృష్ణదేవరాయల మంత్రి సాళువ తిమ్మరుసు కొండవీడు పట్టిన సంగతి మంగళగిరి శిలాస్తంభం మీద చెక్కి ఉంది. ఆ విజయాన్ని చెప్పే శాసనాల్లో వీరభద్ర గజపతితో పాటు పట్టుబడిన మల్లూఖాన్, ఉద్దండఖాన్ పేర్లున్నాయి. హిందూ రాజు కోట కోసం ఖాన్‌లు ఇంకో హిందూ రాజుతో తలపడ్డారు. దీన్ని ఏ మతయుద్ధం అందాం? విజయనగరంలో ఏడేళ్ళు తలదాచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు మల్కిభరాముడన్నారు. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అతనికే అంకితమిచ్చాడు.

ఆ పుస్తకాలు తగలబెట్టమని మేం అడగటం లేదు. అందులో తెలుగుంది, కథనముంది, అవి మావి కూడా. పిల్లల చేతిలో పెట్టేటప్పుడు అవి ఏ సంవత్సరంలో, ఎవరి పాలనలో, ఏ పుస్తకాలు చూసి రాసినవో చెప్పండి. మంగళగిరి రాతిని కూడా చూపించండి. పుస్తకం మూసి పక్క బెంచీలో ఉన్న సాయిబుల పిల్లాడి వంక తోటి పిల్లలు ఏ చూపుతో తిరుగుతారన్నదే మా బాధ.