ఎర్ర మూత సిరంజి

రాత్రి రెండున్నర. విజయవాడ సత్యనారాయణపురంలో ఒక పాత డాబా ఇల్లు. వంటగదిలో గిన్నె దొర్లిన చప్పుడైతే మామ్మగారు లేచి లైటు వేశారు. గ్యాసు బండ పక్కన పండు పడి ఉన్నాడు. నారింజ చారల మగపిల్లి, తొమ్మిదేళ్లవాడు. లేవబోతే కాళ్లు చెరో పక్కకి జారుతున్నాయి. తల ఊగుతోంది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఆమెను చూడటం లేదు.

"ఏవండీ, ఒకసారి లేవండి! పండు ఎట్లాగో అయిపోతున్నాడు!"

మాస్టారు గ్లూకోమీటరు పట్టుకొచ్చారు. మనవరాలు చెవి అంచున సూదితో గుచ్చి, ఆవగింజంత రక్తం పట్టీకి తాకించింది. మీటరు 38 చూపించింది.

ఈ కథ రెండు నెలల ముందు చీమలతో మొదలైంది. పెరట్లో పండు కోసం పెట్టిన ఇసుక తొట్టి చుట్టూ బారులు కట్టిన చీమల్ని మొదట చూసింది మాస్టారే. పదిహేనేళ్లుగా షుగరుతో కాపురం చేస్తున్న మనిషి. మధుమేహం అన్న మాటలోనే తేనె ఉందని ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పటికే పండు నీళ్ల గిన్నె పూటకి రెండుసార్లు ఖాళీ చేస్తున్నాడు. ఎంత తిన్నా వెన్నుపూస పైకి తేలుతోంది. గోడ మీదికి ఒక్క గెంతున ఎక్కేవాడు, వెనక కాళ్ల మడమలు నేలకి ఆనించి ముసలివాడిలా నడుస్తున్నాడు. షుగరు నరాల్ని తింటే పిల్లికి ఆ నడక వస్తుంది.

మాస్టారు ముందు తన పథ్యమే వాడికీ పెట్టారు. పెరుగన్నం మానిపించి పాలలో నానేసిన జొన్నరొట్టె పెట్టారు. లంఖణం పరమౌషధం అని ఒక రాత్రి పస్తు కూడా ఉంచారు. ప్రేమతో చేసిన పనే. కానీ పిల్లిని పస్తు ఉంచడం ప్రమాదం. బొద్దుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలో పేరుకోవచ్చు. ప్రాణం మీదికి వస్తుంది.

పశువుల డాక్టరు గారు రక్తం చూస్తే 342. అయినా ఆయన వెంటనే షుగరని తేల్చలేదు. "భయపడినా పిల్లికి ఇంత పెరుగుతుంది మాస్టారూ. బుట్టలో వేసి ఆటోలో తెచ్చారు కదా" అంటూ మూత్రం పరీక్షించి, ఫ్రక్టోజమిన్ పరీక్షకి రక్తం పంపారు. గడిచిన రెండు మూడు వారాల్లో షుగరు ఎలా ఉందో అది చెబుతుంది, ఆ పూట భయాన్ని లెక్కలోకి తీసుకోదు. రెండు పరీక్షల్లోనూ షుగరని తేలింది.

"ఏం పెడుతున్నారమ్మా?"

మామ్మగారు దాచలేదు. మొన్నటిదాకా పాలు, పెరుగన్నం, సాయంత్రం బిస్కెట్టు, ఇప్పుడు జొన్నరొట్టె. గిన్నెలో రోజంతా గింజల మేత. "తీపంటే ప్రాణం బాబూ వాడికి."

"పిల్లికి తీపి తెలియదమ్మా. మీ బిస్కెట్టులో వాడు వెతుక్కునేది వెన్న."

ఆయన మాట నిజం. పిల్లుల్లో తీపి రుచికి కావలసిన జన్యువు చెడిపోయి ఉందని ఫిలడెల్ఫియాలోని మోనెల్ కేంద్రం శాస్త్రవేత్తలు 2005లో కనిపెట్టారు. పిల్లి పుట్టుకతో మాంసాహారి. అన్నం తిన్న మనిషి కాలేయం ఆ చక్కెరని చకచకా సర్దుకుంటుంది. అందుకు కావలసిన ఎంజైము పిల్లి కాలేయంలో దాదాపు పనిచేయదు. పైగా తిన్న మాంసంలోంచి అది ఎప్పుడూ చక్కెర తయారు చేసుకుంటూనే ఉంటుంది. వరన్నమైనా జొన్నరొట్టె అయినా పిండిపదార్థమే. గింజల మేతలో కూడా చాలావాటిలో పిండి ఎక్కువే ఉంటుంది. చికెను ఉడకబెట్టి పెడితే చాలదా అని మామ్మగారు అడిగారు. ఒట్టి చికెనులో కాల్షియం చాలదు, గుండెకీ కళ్లకీ కావలసిన టారిన్ ఉడికించిన నీళ్లలోకి పోతుంది. ఉల్లి, వెల్లుల్లి తగిలిన కూర ముక్క అయితే పిల్లి రక్తానికే విషం. అందుకే డాక్టరు గారు పిండి తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ ఉన్న తడి మేత రాశారు. పన్నెండు గంటలకొకసారి మేత, దాంతో పాటే ఒక్క యూనిట్ గ్లార్జిన్ ఇన్సులిన్.

"మేత మారిస్తే షుగరు దానంతటదే దిగుతుంది. అప్పుడు మందు కూడా తగ్గించాల్సి రావచ్చు. నాకు చెప్పకుండా ఒక్క గీత కూడా మార్చొద్దు" అని ఆయన రెండుసార్లు చెప్పారు.

మనవరాలు నోటుపుస్తకం పెట్టింది. తేదీ, తిన్న గ్రాములు, చెవి రక్తంలో అంకె. 310, 264, 198. మూడోవారానికి పండు కుర్చీ ఎక్కాడు. ఆ రోజు ఆ పేజీలో ఆ పిల్ల అంకె పక్కన కుర్చీ బొమ్మ గీసింది.

ఇక ఆ రాత్రి సంగతి. సాయంత్రానికే పండు సిరంజిలు అయిపోయాయి. మాస్టారి పెట్టెలో ఆయన సిరంజిలు ఉన్నాయి. చూడటానికి రెండూ ఒకటే, మూత రంగే తేడా. పండువి నారింజ మూతవి, మాస్టారివి ఎర్ర మూతవి. ఒక యూనిట్ గీత దాకా లాగారు, పొడిచారు. ఆ సాయంత్రం పండు సగం మేతే తిన్నాడు. ఆ సంగతీ ఎవరూ పట్టించుకోలేదు.

మన మందుల షాపుల్లో ఇన్సులిన్ సీసాలు రెండు రకాలు. ఒకదానిలో మిల్లీలీటరుకి 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. ఇంకోదానిలో 100, దానికి నారింజ మూత. పండు మందు 100ది. దాన్ని ఎర్ర మూత సిరంజిలో ఒక్క గీత లాగితే లోపలికి వచ్చేది రెండున్నర యూనిట్లు. ముప్పయ్యేళ్లు బడిలో లెక్కలు చెప్పిన మనిషికి ఈ లెక్క అర్ధరాత్రి, వంటగది గచ్చు మీద కూర్చున్నాక తట్టింది.

"నా చేత్తోనే చేశానే" అన్నారాయన. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

మామ్మగారు మాత్రం ఆగలేదు. మాస్టారికి షుగరు పడిపోతే వాడే గ్లూకోజు పొడి అలమరలోనే ఉంది. రెండు చుక్కల నీళ్లతో కలిపి వేలితో పండు చిగుళ్లకి పూశారు. నోట్లో పోయలేదు. స్పృహ సరిగా లేని పిల్లి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మళ్లీ పూశారు. పదినిమిషాలకి పండు తల నిలబెట్టాడు. మేత ముందు పెడితే రెండు ముద్దలు నాకాడు. డాక్టరు గారు ఫోనులో, "గ్లూకోజు కాసేపే నిలుస్తుంది, ఇన్సులిన్ ఇంకా గంటలు పనిచేస్తుంది. ఇప్పుడే తీసుకురండి" అన్నారు. తెల్లవారేదాకా సెలైనులో గ్లూకోజు ఎక్కుతూనే ఉంది. మాస్టారు బల్ల పక్కనే నిలబడ్డారు, కూర్చోమన్నా కూర్చోలేదు.

కొన్ని పిల్లులకి త్వరగా వైద్యం అందితే ఇన్సులిన్ అవసరం పూర్తిగా తప్పుతుంది. పండుకి తప్పలేదు. ఇప్పటికీ పొద్దున ఏడింటికి, సాయంత్రం ఏడింటికి ఒక్క యూనిట్. వాడి సిరంజిలు ఫ్రిజ్ పక్క గూట్లో, మాస్టారివి బీరువాలో ఉంటున్నాయి. మనవరాలు సీసా మీద స్కెచ్ పెన్నుతో 100 అని పెద్దగా రాసింది.

మీ ఇంట్లో షుగరు ఉన్నది పెద్దవారికైనా, పిల్లికైనా, ఈ పూట సూది వేసే ముందు సీసా మీద అంకె, సిరంజి మీద అంకె పక్కపక్కన పెట్టి చూడండి.